మూడు నిమిషాల సాక్ష్యానికి ఐదు రాత్రులు

డిసెంబర్ 21, ఆదివారం. ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే సంఘ కార్యదర్శిగారు వెనక నుంచి పిలిచారు. "అమ్మా, 31 రాత్రి మీరు సాక్ష్యం చెప్పాలి. మూడు నిమిషాలు. లిస్టులో పేరు రాసేశాను." రాసేశాక అడగడం ఏమిటో! వద్దండి అనేలోపే ఆయన ఇంకొకరిని పట్టుకున్నారు. మొత్తం ఎనిమిది మందిమి. నాది ఐదో నంబరు.

వాచ్ నైట్ అంటే డిసెంబర్ 31 అర్ధరాత్రి దాటేదాకా చర్చిలో జరిగే కూడిక. ఆ ఏడు దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పడమే సాక్ష్యం. అవి ఎలా ఉంటాయో వెళ్లేవాళ్లందరికీ తెలుసు. "గడిచిన సంవత్సరమంతా కంటిపాపలా కాపాడిన దేవునికి స్తోత్రం" అని మొదలవుతుంది. మధ్యలో ఒక ఉద్యోగమో, పెళ్లో, కొత్త బండో వస్తుంది. ఆఖర్న మళ్లీ స్తోత్రం. నన్ను తప్పుగా అనుకోకండి, కూడికల్లో నేనూ అలాగే చెప్పేదాన్ని. ఈసారి మాత్రం ఆ మొదటి వాక్యం దగ్గరే గొంతు పట్టేస్తోంది. జూలైలో మా అమ్మ పోయింది.

నేను విశాఖలో పూర్ణా మార్కెట్ దగ్గర ఒక హోల్‌సేల్ కొట్టులో పద్దులు రాస్తాను. పదిహేడేళ్లుగా అదే పని. పది రూపాయలు తేడా వచ్చినా అది ఏ పేజీలో ఉందో పట్టుకుని గానీ ఇంటికి వెళ్లను. అందుకని 2025ని కూడా అలాగే చూద్దాం అనుకున్నాను. తొంభయ్యో కీర్తనలో మోషే, మా రోజులు లెక్కపెట్టుకోవడం మాకు నేర్పు అని దేవుణ్ణి అడుగుతాడు కదా. నాకైతే లెక్క వచ్చు. మోషే కంటే తేలిగ్గా అయిపోతుందనుకున్నాను.

26 శుక్రవారం రాత్రి కూర్చున్నాను. పండగ గిన్నెలన్నీ తోమేసరికి తొమ్మిదిన్నర అయింది. కంచరపాలెంలో మా వీధిలో క్రిస్మస్ స్టార్లు ఇంకా వెలుగుతున్నాయి. మా ఆయన మధ్యాహ్నం మిగిలిన బిర్యానీ తిని పడుకున్నారు. పెద్దోడు ఫోన్లో ఉన్నాడు. మంచం మీద నాలుగు పరిచాను: ఎర్ర అట్ట ఇంటి పద్దుల పుస్తకం, ఆసుపత్రి ఫైలు, నా ఫోను, పర్సులో పేరుకుపోయిన చీటీలు. కొత్త నోట్‌బుక్కులో ప్రతి నెలకీ రెండు పేజీలు వదిలాను. ఎడమ వైపు ఏం జరిగిందో, కుడి వైపు దేవుడికి ఏం చెప్పానో.

జనవరి, ఫిబ్రవరి ఇరవై నిమిషాల్లో అయిపోయాయి. అసలు రాయాల్సింది జనవరి 1 ఒక్కటే. మా సంఘంలో అర్ధరాత్రి దాటాక పళ్లెంలో వాగ్దానం కార్డులు పెడతారు, ఒక్కొక్కరు ఒకటి తీసుకోవాలి. నాకు యిర్మీయా 30:17 వచ్చింది. ఆరోగ్యం ఇస్తాను, గాయాలు మానుస్తాను అనే మాట. అమ్మకి యెషయా 46:4. ముదిమి వరకూ, తల నెరిసే వరకూ నిన్ను ఎత్తుకునేది నేనే అని దేవుడు చెప్పే మాట. అమ్మకి అప్పుడు 74. "నన్నెవరెత్తుతారే, అరవై రెండు కేజీలున్నాను" అని నవ్వింది. రెండు కార్డులూ ఫ్రిజ్ మీద అతికించాను. నాదేమో పెద్దక్షరాల్లో నెరవేరబోతోందని ఆ రోజు నాకు గట్టి నమ్మకం. అమ్మ బీపీ తగ్గుతుందనుకున్నాను.

మార్చి దగ్గర పెన్ను ఆగింది. మార్చి 3, సోమవారం, ఉదయం ఆరుంబావు. అమ్మ బాత్రూమ్ గడప దగ్గర పడింది. తుంటి ఎముక విరిగింది. మేముండేది మేడ మీద వాటా. కింద ఇంటి ఆటో తమ్ముడూ, పక్క వాటాలో ఉండే కుర్రాడూ దుప్పట్లో పడుకోబెట్టి దింపారు. ఆ రాత్రి ఇంతకుమించి రాయలేదు. లైటు తీసేసి పడుకున్నాను, నిద్ర పట్టలేదు. ఇలాంటి పని చేద్దామనుకునే వాళ్లకి ఒక్క మాట చెప్తాను: బరువైన నెలని రాత్రి పదిన్నర తర్వాత ముట్టుకోకండి. ఫోన్లో ఫొటోలు అసలే వద్దు. ఒక్కటి చూద్దామని తెరిస్తే అది ఏకంగా పాట పెట్టి "గత ఏడాది ఇదే రోజు" అని చూపిస్తుంది.

27 శనివారం రాత్రి మార్చిని డబ్బు వైపు నుంచి పట్టుకున్నాను. అంకెలైతే ఏడవకుండా రాయగలను.

ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. గవర్నమెంటు ఆసుపత్రి కేజీహెచ్‌కి తీసుకెళ్లాల్సింది అని మా ఆడపడుచు ఇప్పటికీ అంటుంది. అనుకుంటే అదీ నిజమే. ఆరోగ్యశ్రీలో అయిపోతుందన్నారు. తీరా చూస్తే అమ్మ పేరు మా తమ్ముడి రైస్ కార్డులోంచి తీసేశారు, మా కార్డులో ఎక్కలేదు. సచివాలయానికి మా ఆయన నాలుగుసార్లు తిరిగారు. ఆసుపత్రిలో అమ్మ కాలికి బరువు కట్టి పడుకోబెట్టారు. ఇవాళ తేలుతుంది, రేపు తేలుతుంది అంటూ ఎనిమిదో రోజు దాకా నడిపి, ఆ రోజు డబ్బు కట్టుకోండి అన్నారు. నా గొలుసు తాకట్టు పెట్టి లక్షా ఇరవై వేలు తెచ్చాం. మార్చి 12న ఆపరేషన్, 19న ఇంటికి.

అడ్వాన్సు 60,000. లోపల పెట్టిన కృత్రిమ కీలుకి 55,000. మందులు, పరీక్షలు 31,400. ఇంటికొచ్చి ఫిజియోథెరపీ చేసినందుకు ఇరవై సార్లు, సారికి 400 చొప్పున 8,000. వాకర్ 1,350. వాటర్ బెడ్ 2,600. ఆయాకి రెండు నెలలకి 24,000. డైపర్లు ప్యాకెట్ 350, ఇరవై ఏడు ప్యాకెట్లు, 9,450. కూడితే 1,91,800. డైపర్లు ఈ లెక్కలోకి వస్తాయని ఎవరూ ముందు చెప్పరు. ఆపరేషన్ గురించి అడుగుతాం, దాని తర్వాతి నెలల గురించి అడగం.

ఈ లెక్క చేస్తుంటే చిన్న వింత బయటపడింది. మందుల షాపు బిల్లులు సగం తెల్లకాగితాలైపోయాయి. మార్చిలో కరకరలాడుతూ వచ్చిన చీటీల మీద డిసెంబర్‌కి అక్షరం లేదు. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఫ్రీ బస్సు వచ్చింది కదా, కొట్టుకి వెళ్లొచ్చే జీరో టికెట్లు అలవాటుకొద్దీ పర్సులో దాచేదాన్ని. అవీ అంతే, లేత ఊదా రంగు మరక తప్ప ఏమీ కనిపించదు. నేను వెనకవైపు పెన్నుతో రాసుకున్నవి మాత్రం మిగిలాయి. ఒక దాని వెనక "ఉల్లి 2 కేజీలు" అని ఉంది. ఇంకోదాని వెనక "అమ్మకి సాంబ్రాణి కొనకు" అని ఉంది. ఆగస్టులో అమ్మ లేదు. అమ్మకి తలంటి సాంబ్రాణి వెయ్యడం నెలల తరబడి అలవాటైపోయి, చేతులు మర్చిపోవని నాకు నేనే రాసుకున్న చీటీ అది. దాన్ని చూసి ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. మా ఆయన లేచి వచ్చి పుస్తకం మూసేశారు.

28 ఆదివారం. నేను దశమభాగం, అంటే జీతంలో పదో వంతు కానుక, ఏప్రిల్ నుంచి ఇవ్వలేదు. జీతం 14,500. నెలకి 1,450 చొప్పున తొమ్మిది నెలలకి 13,050 బాకీ. బాకీ ఉన్న మనిషి మైకు దగ్గర నిలబడొచ్చా అని మా పాస్టర్ అయ్యగారిని అడగాలనిపించింది. ఆరాధన తర్వాత గంటా పది నిమిషాలు బయట బెంచీ మీద కూర్చున్నాను. లోపల క్యాలెండర్లు పంచే గొడవ. పిల్లలు రెండేసి పట్టుకుపోతున్నారని పాస్టర్ అమ్మగారు కేకలేస్తున్నారు. నా వంతు వచ్చేసరికి ఆయన ఒంటిగంట పెళ్లికి బయల్దేరుతున్నారు.

"బాకీ సంగతి దేవుడికి తెలుసమ్మా. మీరు స్వేచ్ఛగా చెప్పండి. కష్టమైన ఏడు అనుకుంటే ఒకటో సమూయేలు ఏడో అధ్యాయం తీసుకోండి. ఎబెనెజరు. ఇంతవరకు యెహోవా సహాయం చేశాడు అని ముగించండి, బాగుంటుంది." ఫోను మోగింది, ఆయన వెళ్లిపోయారు. మంచి మనిషి, నేను తప్పు పట్టడం లేదు. అమ్మ మంచం పక్కన ఎన్ని రాత్రులు కూర్చున్నారో నాకు తెలుసు. కానీ ఆ ఎబెనెజరు మాట విని విని అరిగిపోయింది. మా పేటలో ఆ పేరుతో టైలరింగ్ షాపు ఉంది, వాటర్ ప్లాంట్ ఉంది.

ఆ రాత్రి ఏప్రిల్, మే, జూన్ రాశాను. ఇంకో సంగతి తేలింది. మా తమ్ముడితో మొదలుపెట్టి కొట్టులో వాళ్లదాకా అందరితో నేను ఒకటే మాట అనేదాన్ని, "అమ్మ పడ్డప్పుడు ఎవరూ పట్టించుకోలేదు" అని. ఎర్ర పుస్తకంలో జమ వైపు చూశాను. నా చేత్తో నేనే రాసిన పద్దులు. ముప్పై ఒక్కటి ఉన్నాయి. 500, 200, 2,000. స్త్రీల సమాజం 5,000. కొట్టు యజమాని 10,000, దాని పక్కన "జీతంలో కోయరు" అని రాసి ఉంది. పేరు లేని కవర్లు నాలుగు. మొత్తం 38,700. ఇది కాక ఆటో తమ్ముడు ఒక్కసారి కూడా కిరాయి తీసుకోలేదు. అది పద్దులోనే లేదు. తొమ్మిది నెలలు ఊరంతా తిరిగి అబద్ధం చెప్పానన్నమాట. కావాలని కాదు. ఆ రోజుల్లో ఎవరు ఏమిచ్చినా చేతిలో పడినట్టే అనిపించేది కాదు.

కుర్చీ సంగతి చెప్పాలి. నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ, ఒక చేయి దగ్గర పగులు. మా మెట్లు పదిహేడు. అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లిన ప్రతిసారీ ఆ కుర్చీలో కూర్చోబెట్టి, చున్నీతో నడుముకి కట్టి, ఆటో తమ్ముడు ముందు కాళ్లు, కుర్రాడు వెనక వీపు పట్టుకుని దింపేవాళ్లు. మలుపు దగ్గర ఇరుకు. అక్కడ కుర్చీని వాల్చి తిప్పాలి. ఏప్రిల్ 9న అలా వాల్చినప్పుడు అమ్మ గట్టిగా నవ్వింది. "ఒలే, సూడు! నా వాక్యం నెరవేరిపోతంది. ఎత్తుకుంటానన్నాడు, ఎత్తిస్తన్నాడు." కుర్రాడు హిందువుల అబ్బాయి, శ్రీకాకుళం నుంచి వచ్చి ఏదో కోర్సు చదువుకుంటున్నాడు. వాడికి అర్థం కాలేదు. ఫ్రిజ్ మీద కార్డు చూపించి అమ్మే వివరించింది. అప్పట్నుంచి వాడు కుర్చీ పట్టుకునే ముందు "వాక్యం రెడీనా మామ్మా" అనేవాడు.

జూన్ 21 గురించి కూడా రాశాను, ఎందుకంటే ఆ రోజు నవ్వుకున్నాం. ఆ రోజు చెకప్‌కి ముందే పేరు రాయించుకున్నాం. అదే రోజు ఆర్కే బీచ్‌లో ప్రధాని వచ్చే యోగా దినోత్సవం అని మాకు తట్టనే లేదు. ఎటు వెళ్లినా దారి మళ్లింపు. ఆటోలో గంటా యాభై నిమిషాలు. అమ్మ నొప్పితో పళ్లు బిగబట్టి, "ఊరంతా వొంగి లేస్తన్నారు, నాను కూకోలేకపోతన్నాను" అంది.

లెక్క వేశాను. మా మెట్ల మీద అమ్మని మోసింది పదకొండుసార్లు. మొదటిసారి దుప్పట్లో. తొమ్మిదిసార్లు కుర్చీలో. చివరిసారి పెట్టెలో. ఆ చివరిసారి కూడా మలుపు దగ్గర వాల్చి తిప్పాల్సి వచ్చింది.

29 సోమవారం అమ్మ బైబిల్ తీశాను. అక్టోబర్ 28న మొంథా తుపాను వచ్చినప్పుడు కిటికీలోంచి జల్లు కొట్టి కింద ఉన్న ట్రంకు పెట్టె తడిసిపోయింది. కరెంటు లేదు, తెల్లారేదాకా చూసుకోలేదు. అమ్మ చీరలు ఆరేశాను. బైబిల్‌ని ఫ్యాను కింద మూడు రోజులు నిలబెట్టి, పేజీల మధ్య పౌడర్ చల్లి, గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేశాను. మళ్లీ తెరవలేదు. ఇప్పుడు తెరిస్తే రెండింతలు లావుగా ఉంది, పాండ్స్ వాసన. వెనక ఖాళీ పేజీలో అమ్మ రాసుకునేదని తెలుసు. ఎప్పుడూ చదవలేదు. అమ్మ ఐదో తరగతి. పెన్సిల్‌తోనే రాసేది, అందుకే నీటికి చెరగలేదు. ప్రతి డిసెంబర్ 31కీ ఒక్క వరుస.

1999: "అమ్మాయి పెల్లి. అప్పు 22 వేలు."

2006: "ఆయన లేరు."

2014: "హుద్‌హుద్. రేకులు పోయాయి. పిల్లలు ఉన్నారు."

2020: "గుడి మూసేరు. మేడ మీద పార్దన."

2024: "నడుస్తన్నాను."

ఇంకా ఉన్నాయి, కొన్ని నాకూ మా తమ్ముడికీ మధ్యనే ఉండాల్సినవి. మొత్తం చదివాక నాకు కొట్టొచ్చినట్టు కనిపించింది ఏమిటంటే, ఇరవై ఆరు వరుసల్లో ఒక్క స్తోత్రం లేదు. ఒక్క ఫిర్యాదూ లేదు. అమ్మ ప్రార్థన మొదలుపెడితే అరగంట స్తోత్రాలే. ఈ పేజీలో మాత్రం కొట్టులో సరుకు దించుకున్నప్పుడు రాసినట్టు, ఏది వచ్చిందో అది.

ఆ ఊపులో అయ్యగారు చెప్పిన సమూయేలు తెరిచాను. ఏడో అధ్యాయం పన్నెండో వచనం. ఫిలిష్తీయుల మీద గెలిచాక మిస్పాకీ షేనుకీ మధ్య సమూయేలు ప్రవక్త ఒక రాయి నిలబెట్టి ఎబెనెజరు, అంటే సహాయపు రాయి, అని పేరు పెట్టాడు. తెలిసిందే. మూయబోతూ నాలుగు పేజీలు వెనక్కి తిప్పాను. నాలుగో అధ్యాయం మొదటి వచనంలోనూ ఎబెనెజరే. ఇశ్రాయేలీయులు ఎబెనెజరులో దిగారు, ఫిలిష్తీయులు ఆఫెకులో. ఆ రోజు నాలుగు వేలమంది చచ్చారు. మందసం, అంటే దేవుని ఒడంబడిక పెట్టె, తెచ్చుకుంటే గెలుస్తామనుకుని తెచ్చుకున్నారు. ఈసారి ముప్పై వేలమంది, మందసం కూడా పోయింది. ఓడిపోయిన చోటు పేరూ, రాయి పేరూ ఒకటే. రెండింటి మధ్యా ఇరవై ఏళ్లకు పైమాటే. టైలరింగ్ షాపు బోర్డు మీద ఇవేమీ ఉండవు. సండే స్కూల్లో కూడా ఏడో అధ్యాయమే చెప్పారు.

నాకు ఓదార్పు అనిపించిందా అంటే, లేదు. కోపం తగ్గింది, అంతే. సమూయేలు ఆ రాయి పెట్టినప్పుడు అక్కడ నిలబడ్డవాళ్లలో ఆ ముప్పై వేలమంది కొడుకులూ భార్యలూ ఉండి ఉంటారు కదా అనుకున్నాను. వాళ్లు "ఇంతవరకు" అన్న మాట ఎలా పలికి ఉంటారు?

ఇక 30 మంగళవారం. సెప్టెంబర్‌లో పెద్దోడికి అచ్యుతాపురం వైపు ఒక కంపెనీలో అప్రెంటిస్ దొరికింది. డిప్లమా అయి ఏడాదిన్నర ఖాళీగా ఉన్నాడు. ఈ ఒక్కదానితో సాక్ష్యం మూడు నిమిషాలూ నింపేయొచ్చు, ఎవరూ వేలెత్తి చూపరు. అది రాశాను. అక్టోబర్, నవంబర్, డిసెంబర్ రాశాను. జూలై పేజీలు మాత్రం తెల్లగా ఉన్నాయి.

జూలైలో ఎడమ వైపు రాయడం కష్టం కాదు. జూన్ చివర్లో నడుము కింద పుండ్లు, తర్వాత ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్. జూలై 4న చూపిస్తే ఇంటికి తీసుకెళ్లిపోండి అన్నారు. 9 బుధవారం తెల్లవారుజామున 4:40కి ప్రభువునందు నిద్రించింది. సాయంత్రం భూస్థాపన, 13న ఆదరణ కూడిక, భోజనాలకి 11,500.

కుడి వైపు పేజీ నా కష్టం. దేవుడికి ఏం చెప్పాను?

జనవరి నుంచి జూలై 7 దాకా ఒకటే చెప్పాను, బాగుచెయ్యి అని. జూలై 8 రాత్రి రెండు గంటలకి అమ్మకి మూడోసారి బట్ట మార్చాను. నాలుగు రోజులుగా నిద్ర లేదు. అమ్మ మూలుగుతోంది, నన్ను గుర్తుపట్టడం లేదు. వంటింట్లోకి వెళ్లి సింకు పట్టుకుని నిలబడి, "తీసుకో ప్రభువా, నావల్ల కాదు" అన్నాను. అమ్మ బాధ చూడలేక అన్నానని తర్వాత చాలామందికి చెప్పాను. ఆ మాట సగమే నిజం. నావల్ల కాదు అన్నదే అసలు మాట. రెండు గంటల నలభై నిమిషాల్లో అయిపోయింది. ఆరు నెలలు అడిగింది ఇవ్వని దేవుడు ఇది మాత్రం తెల్లారేలోపు ఇచ్చాడు. దీన్ని జమ వైపు వెయ్యనా, ఖర్చు వైపు వెయ్యనా? పదిహేడేళ్లలో ఇలాంటి పద్దు నాకు రాలేదు.

ఆ రాత్రి ఎనభై ఎనిమిదో కీర్తన చదివాను. ఆ ఒక్క కీర్తనా ఎక్కడా స్తోత్రం వైపు తిరగదు. రాత్రింబగళ్లు మొర పెట్టి, చీకటి దగ్గరే ఆగిపోతుంది. దాన్నెవరూ బైబిల్లోంచి తీసెయ్యలేదు. కుడి వైపు పేజీలో సింకు దగ్గరి మాట ఉన్నదున్నట్టు రాశాను. ఐదు వరుసలు. చెయ్యి వణికి అక్షరాలు అమ్మ రాతలా వచ్చాయి.

31 బుధవారం కొట్టు ఎనిమిదింటికి కట్టేశారు. పదింటికి కూడిక. కొత్త చీర కొనలేదు, అమ్మ తడిసిన చీరల్లో ఒకటి ఇస్త్రీ చేయించి కట్టుకున్నాను. ఇస్త్రీ 15 రూపాయలు. కానుక కవర్లో 2,000 పెట్టాను, 13,050లో కొంత. కవర్ మీద పేరు రాయలేదు. దారంతా బైకుల మీద కుర్రాళ్ల కేకలు. గుళ్లో మాత్రం ఏసీ లేకపోయినా స్వెట్టర్లు వేసుకున్న ముసలమ్మలు ముందు వరసల్లో అప్పటికే కూర్చుని ఉన్నారు.

సాక్ష్యాలు 10:50కి మొదలయ్యాయి. మూడు నిమిషాలన్నది మాటవరసకే. రెండో ఆయన పదకొండు నిమిషాలు తీసుకున్నాడు, కూతురి వీసా గురించి. నన్ను పిలిచేసరికి 11:30 దాటింది, "త్వరగా అమ్మా" అన్నారు. మైకు నా ఎత్తుకి లేదు. నోట్‌బుక్కు తెరిచాను. మార్చి 3 అన్నాను. కుర్చీ గురించి, అమ్మ వాక్యం గురించి చెప్పాను. కొంతమంది నవ్వారు. వెనక నిలబడ్డ ఆటో తమ్ముడు తల దించుకున్నాడు, నాకోసం వచ్చాడు పాపం. ముప్పై ఒక్క పద్దుల గురించి చెప్పి, ఎవరూ పట్టించుకోలేదని మీ వెనక అన్నాను, క్షమించండి అన్నాను. తర్వాత పేజీ తిప్పాను. జూలై. కుడి వైపు రాత కనిపిస్తోంది. నోరు రాలేదు. "జూలై సంగతి ఇంకా నాకూ దేవుడికీ మధ్య తేలలేదు. వందనాలు" అని వచ్చి కూర్చున్నాను.

స్తోత్రం అనలేదు కాబట్టి ఎవరికీ ఎక్కడ "ఆమెన్" అనాలో తెలియలేదు. నాలుగైదు క్షణాలు నిశ్శబ్దం. ఆరో నంబరు అతను లేచి "గడిచిన సంవత్సరమంతా కంటిపాపలా" అని మొదలుపెట్టాక అందరికీ ఊపిరాడింది.

పన్నెండు కొట్టగానే ఎప్పటిలాగే హార్బర్‌లో ఓడలు సైరన్లు మోగించాయి. చిన్నప్పుడు అమ్మ ఆ చప్పుడు విని, ఓడలు కూడా ప్రార్థన చేస్తాయే అనేది. మోకాళ్ల మీద ఉండగానే ఆ చప్పుడు విన్నాను. ఏడవలేదు, ఎందుకో మరి. టీ దగ్గర ఒక పెద్దావిడ నా మోచెయ్యి పట్టుకుంది. స్త్రీల సమాజంలో చూస్తూ ఉంటాను, పెద్దగా మాటల్లేవు. "నీ జూలై లాంటిది నాకు 2011లో ఉందమ్మా, మా ఆయనది" అంది. "తేలిందా మామ్మగారూ?" అని అడిగాను. "బిస్కెట్ తీసుకో, అయిపోతున్నాయి" అంది.

తర్వాత కార్డుల పళ్లెం వచ్చింది. మా ఆయన ఒకటి, పెద్దోడు ఒకటి తీసుకున్నారు. నేను చెయ్యి పెట్టి తీసుకుని పక్కకి వచ్చాక చూసుకుంటే నా చేతిలో రెండున్నాయి. పోయినేడు పళ్లెం దాకా వంగలేక అమ్మ తన కార్డు కూడా నన్నే తియ్యమంది. వెనక్కి పెడదామని తిరిగేసరికి పళ్లెం రెండు వరసలు దాటిపోయింది.

ఇంటికి వచ్చేసరికి 1:50. నా కార్డు ఫ్రిజ్ మీద, పాత వాటి కింద అతికించాను. అమ్మ బైబిల్ వెనక పేజీలో 2024 కింద, అదే పెన్సిల్‌తో ఒక వరుస రాశాను. రెండో కార్డు బోర్లా ఉన్నది ఉన్నట్టే ఆ పేజీలో పెట్టాను. ఇంకా తిప్పి చూడలేదు.